మద్దమ్మ చేతి పొడి

నా భార్య మద్దమ్మ చెయ్యి పెట్టిన విత్తనం మొలిచేది. వేరేవాళ్ళు చెయ్యి పెట్టిందీ మొలిచేది. కానీ మద్దమ్మ కలిపిన గింజలు చల్లితే చాళ్ళలో ఎక్కడా సందు కనపడేది కాదు. మా వైపు దాన్ని చేతివాసి అంటారు. అలా అనుకుని ఊరుకుంటారు. ఎందుకని ఎవరూ అడగరు.

మా ఊరు బొంతలదిన్నె. నల్లరేగడి, వాన మీద ఆధారం, జొన్న పంట. విత్తే ముందు గింజలను కంబళి మీద పోసి, బూడిద చల్లి, నీళ్ళు చిలకరించి చేత్తో కలుపుతారు. అది ఆడవాళ్ళ పని. మగవాడి చెయ్యి గింజల కుప్పలో పడకూడదు. గొర్రు తోలేది మగవాడే అయినా, వెనక నడుస్తూ గింజలు వదిలేది ఆడదే. తొలకరి పడగానే ఊళ్ళో ఆడవాళ్ళంతా చేటలూ గంపలూ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. మద్దమ్మ ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. కానీ ఎవరినీ ఊరికే వదిలేది కాదు.

"ఏమ్మే, పంట కోసేటప్పుడు ఈ అక్క యాడుందో తెలీదు. వానొస్తే మాత్రం దోవ తెలుస్తాది."

"నీ చెయ్యి కోసం వస్తాం గానీ నీ నోటి కోసం ఎవరొస్తారక్కా?"

ఆ మాట అన్నది సుంకులమ్మ. నా తమ్ముడి భార్య. పక్క ఇల్లు. మాకు పిల్లలు లేరు. సుంకులమ్మ పిల్లలు మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకునేవాళ్ళు. ఆమె గురించి ఇంతకంటే మంచి చెప్పను.

డాక్టర్ ఇందుమతి మా ఊరికి మట్టి పరీక్ష చేయడానికి వచ్చింది. వ్యవసాయ పరిశోధన చేసే మనిషి. మట్టి తేడాగా ఉన్న చోట కూడా మొలకలో తేడా లేకుండా పొలాలన్నీ ఒకే రకంగా మొలిచి ఉండటం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. అడుగుతూ అడుగుతూ మా వాకిట్లోకి వచ్చింది. మద్దమ్మ గింజలు కలుపుతుంటే గోడకు ఆనుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఒక్క మాట అడిగింది.

"అమ్మా, చేతులు కడుక్కోకుండా ఒకసారి మా ల్యాబుకు వస్తారా?"

"కడుక్కోకుండా రమ్మనేవాళ్ళను ఇప్పుడే చూస్తుండా" అంది మద్దమ్మ.

ఒంటరిగా పోనంటే నేనూ జీపెక్కాను. ల్యాబు చల్లగా ఉంది. గాజుపళ్ళెంలో గంజి గడ్డకట్టినట్టు ఏదో పోసి ఉంది. దాని మీద మద్దమ్మ చేతిని అదిమి తీశారు. ముద్ర కూడా పడలేదు. మమ్మల్ని అక్కడే గెస్టుహౌసులో ఉంచారు. కొన్ని రోజులకు పిలిచి పళ్ళెం చూపించారు. గడ్డకట్టిన గంజి మీద తెల్లటి చెయ్యి లేచి ఉంది. అయిదు వేళ్ళూ, అరచేయీ. చిన్నచిన్న చుక్కలు చుక్కలుగా.

"అయ్యో, నా చేతికి బూజు పట్టిందే."

"బూజు కాదమ్మా, సూక్ష్మజీవులు. అందరి చేతుల మీదా ఉంటాయి. మీ చేతి మీదున్న ఈ రకం మాత్రం ఇంకెక్కడా దొరకలేదు. మీ చెమట మీద, నూనె మీద బతుకుతోంది. గింజకు తగిలితే గింజ నిద్రలేస్తోంది." డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఆ పళ్ళేన్ని ఎత్తుకుంది.

"దానికి నా పేరు పెట్టినారా?"

"నంబరు పెట్టామమ్మా."

"పోనీలే. మా ఇంటాయన కూడా నన్ను పేరు పెట్టి పిలవడు."

పరిశోధనకు ఇష్టపూర్వకంగా ఇస్తున్నట్టు మద్దమ్మ సంతకం చేసింది. ఆ మధ్యాహ్నం గెస్టుహౌసులో భోజనం చేస్తూ తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అన్నం ఎడంచేత్తో తినాలేమో అని నవ్వింది. నేను నవ్వలేదు. నేను ఎక్కువ నవ్వే మనిషిని కాదు.

ల్యాబు నుంచి అది ఒక విత్తనాల కంపెనీకి పోయింది. ఎట్లా పోయిందో నాకు తెలియదు. తెలుసుకుని చేసేదీ లేదు. కంపెనీ దాన్ని పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి, ఎండబెట్టి పొడి చేసి సంచుల్లో అమ్మింది. సంచి మీద వేరే పేరుండేది. మా వైపు అందరూ చేతిపొడి అనేవాళ్ళు.

పొడితో పాటు కొత్త జొన్న వచ్చింది. కంకి మూరెడు ఉండేది. పురుగు ముట్టేది కాదు. అందరూ ఎగబడి వేశారు. నేనూ వేశాను. రెండు మూడు పంటలకు పాత జొన్న ఊళ్ళో గింజ కూడా మిగల్లేదు. ఎవరూ దాచలేదు. దాచాల్సిన అవసరం అప్పుడు ఎవరికీ కనపడలేదు.

కొత్త జొన్నలో ఒక కిటుకు ఉంది. అది మొదట కనిపెట్టింది సుంకులమ్మే. పండిన పంటలో మంచి కంకులు ఏరి, విత్తనం కట్టుకుని, మరుసటి ఏడు పొడి కొనకుండా చల్లింది. వాన బాగా పడింది. ఒక్క మొలక లేదు. ఆమె చేలో కూర్చుని మట్టి తవ్వి, గింజలు చీరకొంగులో వేసుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. తడిమట్టిలో అన్ని రోజులున్నా గింజలు చెక్కుచెదరలేదు. కుళ్ళలేదు, ఉబ్బలేదు.

"నిద్దర పోతుండాయి బావా. సచ్చిపోలేదు. సూడు, పంటితో కొరికితే పాలు కూడా ఉండాయి."

కంపెనీ వాళ్ళు ఆ జొన్నను అట్లా తయారుచేశారు. పొడి తగిలితేనే లేస్తుంది. లేకపోతే పడుకునే ఉంటుంది. గింజ తాళం, పొడి తాళంచెవి.

మద్దమ్మ ఆ కొంగులోని గింజలను చేతిలోకి తీసుకుంది. "లేయండ్రా, పొద్దెక్కింది" అంటూ నలిపింది. తడిగుడ్డలో కట్టి దూలానికి వేలాడదీసింది. గుడ్డ విప్పి చూస్తే అన్నీ మొలకలే.

సుంకులమ్మ ఊరంతా చెప్పింది. ఆ ఏడు నుంచి మళ్ళీ మా వాకిట్లోకి గంపలు వచ్చాయి. పొడి సంచులు దుకాణంలోనే ఉండిపోయాయి. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు. మద్దమ్మ పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. నడుము పట్టేసిందని తిట్టేది. మరుసటిరోజు మళ్ళీ కూర్చునేది.

కంపెనీ మనిషి నిరంజన్ ఆ పంటలోనే వచ్చాడు. హైదరాబాదు మనిషి. లా చదివినవాడు. మర్యాదగా మాట్లాడతాడు. నేరుగా మా ఇంటికి రాలేదు. చేలగట్ల మీద తిరిగాడు. కలుపు తీస్తున్న సుంకులమ్మ దగ్గర ఆగి మంచినీళ్ళు అడిగాడు. ఆమె చెంబు ఇచ్చింది.

"ఎంత బాగా మొలిచిందమ్మా చేను. ఏ మందు వాడారు?"

"మందు గాదు నాయనా. మా అక్క చెయ్యి. ఆయమ్మ చెయ్యి పెడితే రాయి కూడా మొలుస్తాది. మా ఊరికే గాదు, సుట్టుపక్కల అన్ని ఊర్లకూ ఆయమ్మే కలిపిస్తాది. ఒక్క పైసా తీసుకోదు."

గర్వంగా చెప్పింది. ఎవరొచ్చి మా మద్దమ్మ గురించి అడిగినా అందరూ అట్లాగే చెప్పేవాళ్ళు. అట్లా పొగుడుకోవడం మా ఊరి అలవాటు. నిరంజన్ ఆమె మాటలన్నీ ఫోనులో రికార్డు చేసుకున్నాడు. ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారి చెప్పింది. కింద వేలిముద్ర వేయమంటే వేసింది. అక్కకు గవర్నమెంటు బహుమతి ఏదో ఇస్తారనుకుందట. ఆ మాట నేను నమ్మలేదనను. నమ్మినా నాకు తేడా లేదు.

పంచాయతీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టారు. మా సర్పంచి కాస్త చదువుకున్నవాడు. లేచి అడిగాడు.

"సార్, పండించిన గింజ దాచుకుని మళ్ళీ విత్తుకునే హక్కు రైతుకు ఉండాది. చట్టంలోనే ఉండాది. అడ్డం చెప్పేకి మీరెవరు?"

"ఎవరూ అడ్డం చెప్పడం లేదండీ" అన్నాడు నిరంజన్. "దాచుకోండి. విత్తుకోండి. ఇచ్చిపుచ్చుకోండి. విత్తనం జోలికి మేం రావడం లేదు. దాన్ని నిద్రలేపే జీవి మా పేరు మీద ఉంది. దాన్ని మా అనుమతి లేకుండా పంచుతున్నారు. మా అభ్యంతరం అదొక్కటే."

"నా చేతి మీదుండేది మీదెట్ల అయితాది?" అంది మద్దమ్మ.

"చెయ్యి మీదేనమ్మా. దాని మీదున్నదాన్ని వేరుచేసి, పెంచి, దాని పని కనిపెట్టింది మేము."

"మీరు కనిపెట్టకముందు అదేం పని చేస్తుండె? పేకాట ఆడుతుండెనా?"

అందరూ నవ్వారు. నిరంజన్ కూడా నవ్వాడు. నవ్వాక చెప్పాడు. కలిపినందుకు మద్దమ్మ మీద, కలిపించుకున్నందుకు ప్రతి ఇంటి మీద కేసు వేస్తామన్నాడు. అది వద్దనుకుంటే రాజీ ఉందన్నాడు. మద్దమ్మ చేతులను మందుతో కడిగి ఆ జీవి లేకుండా చేస్తారు. అంతటితో అయిపోతుంది.

అక్కడున్న ఆడవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. సుంకులమ్మ కూడా. తల దించుకుని చీర అంచు నలుపుతూ కూర్చుంది.

ఇంటికొచ్చాక మద్దమ్మ అంది. "చెయ్యి కడుక్కుంటే పోయేదానికి ఊరంతా కోర్టుల చుట్టూ తిరగాల్నా? కడిగితే కడగనీ. చెయ్యి యాడికీ పోదు గదా."

వారానికోసారి కంపెనీ నర్సు వచ్చేది. తొట్టెలో నీలంరంగు మందు పోసి మద్దమ్మ చేతులు మణికట్టు దాకా ముంచేది. ఆ జీవి తేలిగ్గా పోలేదు. పళ్ళెంలో అదిమి చూస్తే మళ్ళీ చుక్కలు వచ్చేవి. మందు చిక్కగా చేశారు. అరచేతుల తోలు పొరలు పొరలుగా లేచింది. తర్వాత పగిలింది. ఆముదం పూసుకోవద్దన్నారు. పూసుకుంటే అది మళ్ళీ పెరుగుతుందట. ఆ చేతులతోనే పేడ తీసింది, కట్టెలు విరిచింది, రొట్టె తట్టింది. పిండి మీద ఎర్రటి గీతలు పడితే ఆ రొట్టె తను తిని, మంచిది నాకు పెట్టేది.

పళ్ళెం ఖాళీగా వచ్చిన రోజున నిరంజన్ ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు. అప్పటికే ఆమె చెయ్యి మోచేతి దాకా వాచింది. చీము రక్తంలో కలిసిందని ఆస్పత్రిలో చెప్పారు. చెయ్యి తీసేద్దామన్నారు. తీసేలోపే చనిపోయింది.

ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. సుంకులమ్మ శవం మీద పడి ఏడిచింది. నేను ఆమెను లేవమన్నాను. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

పాడె మీద పడుకున్న మద్దమ్మ చేతులకు గుడ్డ చుట్టి ఉంది. విప్పి చూడలేదు. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్ళు ఎదురుచూశాను. తర్వాత ఎదురుచూడటం మానేశాను. జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నాను. పొలం కౌలుకిచ్చాను. ఊరు పొడి కొనుక్కుంది.

కొన్నేళ్ళకు పొడి పనిచేయడం తగ్గింది. మొదట చేలో అక్కడక్కడ సందులు. మరుసటి ఏడు సగం చేను. ఈ ఏడు వాన ఎప్పుడూ లేనంత బాగా పడింది. మట్టి పిసికితే ముద్దయ్యేంత తడి. చేలన్నీ నల్లగా ఉండిపోయాయి. గరిక మొలిచింది, తుంగ మొలిచింది. జొన్న మొలవలేదు. మా ఊళ్ళోనే కాదు, జిల్లా జిల్లా అంతా. గట్టు మీద నిలబడితే వాన నీళ్ళలో ఆకాశం కనపడేది. ఇంకేమీ కనపడేది కాదు.

డాక్టర్ ఇందుమతి అప్పుడు వచ్చింది. జుట్టు నెరిసింది. ఇప్పుడు ఆమె కంపెనీలోనే పని చేస్తోంది. అరుగు మీద కూర్చోమనలేదు. తనే కూర్చుంది.

"ఉరుకుందప్ప గారూ, నన్ను క్షమించమని అడగడానికి రాలేదు."

"అడగొద్దు."

"ట్యాంకుల్లో పెరిగింది పెరిగినట్టే ఉంది. బతికే ఉంది. కానీ పని మరిచిపోయింది. చక్కెరనీళ్ళు పోసి పెంచాం. దానికి చెమట లేదు, నూనె లేదు, గింజ తగల్లేదు. తరాలు తరాలు గడిచాయి. ఇప్పుడు గింజను లేపడం దానికి చేతకాదు. మంచులో దాచిన పాతవి కూడా తీసి చూశాం. లేచాయి. పని రాలేదు."

"ఐతే?"

"మొదటిది కావాలి. అమ్మ మీద ఉన్నది. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ చూశాను. లేదు. ఈ ఇంట్లో ఉన్నది మీరిద్దరే. ఆమె ఎక్కువగా ముట్టుకున్నది ఏమిటి?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పదలచుకోలేదు. నోటి నుంచి వచ్చేసింది.

"నా వీపు. వారం వారం ఆముదం పెట్టి రుద్దేది."

"కడిగే రోజుల్లో కూడానా?"

"ఆ రోజుల్లో కూడా. చేతులకు పూసుకోవద్దన్నారు గానీ మొగుడి వీపుకు పూయొద్దని ఎవరూ చెప్పలేదు గదా అనేది."

చొక్కా విప్పమంది. విప్పలేదు. ఆమె వెళ్ళలేదు. చాలాసేపు అట్లాగే కూర్చుంది. చివరికి విసుగొచ్చి విప్పాను. చల్లటి గాజుపళ్ళేన్ని వీపు మీద మెల్లగా ఆనించి తీసింది. మద్దమ్మ పోయాక నా వీపును ఇంకొకరు ముట్టుకోవడం అదే.

ఆమె మళ్ళీ వచ్చినప్పుడు పళ్ళెం చేతిలో ఉంది. రెండు భుజపుటెముకల నడుమ నా చెయ్యి అందని చోటు ఒకటుంది. పళ్ళెంలో సరిగ్గా ఆ చోట తెల్లటి చుక్కలు లేచి ఉన్నాయి. చుక్కల చుట్టూ డాక్టరమ్మ జొన్నగింజలు చల్లింది. అన్నీ మొలిచాయి.

"ఇదే" అంది. "ఆమెదే."

నేను చూశాను. ఏదో ఒకటి అనిపించాలని చూశాను. తెల్లటి చుక్కలు కనపడ్డాయి.

"పళ్ళెంలోవి ఎక్కువ రోజులు నిలవడం లేదు. పని మరిచిపోతున్నాయి. మీ ఒంటి మీదున్నదే అసలైనది. అది కూడా చాలా పలచగా ఉంది. ఒక్కసారి గీకి తీస్తే మళ్ళీ పెరుగుతుందని చెప్పలేను. అందుకే అంతా ఒకేసారి, ల్యాబులో తీయాలి."

"తీసినాక?"

ఆమె నా ముఖం చూడలేదు. "తీశాక మీ వీపు కడుగుతారు. అప్పటి రాజీ అగ్రిమెంటులో ఉంది."

"రాను."

రెండోరోజు నిరంజన్ వచ్చాడు. అతని మర్యాద ఏమీ తగ్గలేదు. నా ఒంటి మీదున్నది కంపెనీ సొత్తు అన్నాడు. ఇవ్వకపోతే దాచినట్టే లెక్క అన్నాడు. మేజిస్ట్రేటు దగ్గర ఆర్డరు తీసుకున్నామని, రేపు డాక్టర్లతో, పోలీసులతో వస్తామని చెప్పాడు.

"ఇది మీ ఒక్కరి విషయం కాదండీ. జిల్లాల కొద్దీ రైతులు ఎదురుచూస్తున్నారు. ఒక్క వీపు మీద ఆధారపడి ఉన్నారు."

"మీరు ఆమె చేతులు కడిగేటప్పుడు ఈ రైతులు యాడ ఉన్యారు?"

"అప్పుడు అవసరం లేదు కదండీ" అన్నాడు. నిజంగానే అన్నాడు. అందులో వెటకారం లేదు.

అతను పోయాక గుమ్మంలో కూర్చున్నాను. రేపటితో మద్దమ్మది ఏదీ ఈ ఇంట్లో ఉండదు. చీరలు సుంకులమ్మ కూతుళ్ళు తీసుకుపోయారు. గాజులు పగిలిపోయాయి. చెయ్యి అందని చోట, చూపు అందని చోట ఇంత మిగిలింది. దాన్ని కూడా ట్యాంకులో వేసి చక్కెరనీళ్ళు తాగిస్తారు. మళ్ళీ సంచుల్లో నింపుతారు. దాచుకునే దారి లేదు. పారిపోదామంటే వీపు వెంటే వస్తుంది.

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు. నిరంజన్ మాటలు ఊరికి తెలిసిపోయాయి. ఎవరి చేతుల్లోనూ గంపలు లేవు. వాకిలి బయట నిలబడ్డారు. లోపలికి రమ్మని నేను అనలేదు. ముందు సుంకులమ్మ ఉంది.

"బావా."

నేను ముఖం తిప్పుకున్నాను.

"నువ్వు మాట్లాడొద్దు. ఇను సాలు. ఆ కంపెనీ యప్పకు సెప్పింది నేనే. నా నోరే. దానికి నీ ఇష్టమొచ్చినట్ల శిక్ష వెయ్యి. నీ కోపం నా మీద పెట్టుకో. గింజ మీద పెట్టొద్దు."

"గింజ మీద నాకేమి కోపం?" అన్నాను. ఆమెతో ఇన్నేళ్ళకు మాట్లాడాను. మాట్లాడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. "మీ మీదే కోపం. పంచాయతీ ఆఫీసులో మీలో ఒక్కరన్నా లేచి, మాకేం కేసులు పెట్టుకుంటారో పెట్టుకోండి, ఆయమ్మ చేతులు ముట్టుకోవద్దు అన్నారా? అందరూ కలిపించుకునినారు. కడిగేటప్పుడు ఆయమ్మ ఒక్కతే."

గుమ్మంలోంచి లేచాను.

"రేపు పొద్దున్నే గింజలు తీసుకుని రాండి" అన్నాను. "మీ కోసం గాదు. ఆ కంపెనీవానికి దక్కకూడదు. అంతే."

పొద్దున వచ్చారు. ఇంటింటికీ మిగిలిన విత్తనమంతా తెచ్చారు. నేను కంబళి తెచ్చేలోపే సుంకులమ్మ వాకిట్లో పట్ట పరిచి అందరి గింజలూ ఒకే కుప్పగా పోయించేసింది. ఎవరివి ఏవో తెలియకుండా కలిపేసింది. నేను ఆమె గింజలు పక్కకు నెడతానని ఆమెకు తెలుసు. తెలివైన పని. మెచ్చుకోలేదు.

ఒక ముసలామె గొణిగింది. "మగోని ఒళ్ళు గింజకు తగలచ్చునా?"

"చెయ్యి పెట్టనులేమ్మా" అన్నాను.

చొక్కా విప్పాను. గింజల మీద నీళ్ళు చిలకరించమన్నాను. కుప్ప మీద వెల్లకిలా పడుకున్నాను. జొన్నలు చల్లగా తగిలాయి. భుజాలు ఆనించి అటూ ఇటూ దొర్లాను. చెయ్యి అందని ఆ చోటు గింజలకు బాగా ఆనేలా నడుమెత్తి రుద్దాను.

ఎవరో కిసుక్కుమని నవ్వారు. "బర్రె గుంటలో దొర్లినట్ల దొర్లుతుండాడే మామ." ఇంకొకరు నవ్వారు. అందరూ నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

కింద గింజలు తిరగేయమన్నాను. సుంకులమ్మ చేటతో తిరగేసింది. మళ్ళీ పడుకున్నాను. మళ్ళీ తిరగేసింది. ఎండ ఎక్కింది. చెమట పట్టింది. మంచిదే అనుకున్నాను, డాక్టరమ్మ చెప్పింది కదా, అది చెమట మీదే బతుకుతుందని. వీపు మండటం మొదలైంది. తోలు లేచిన చోట గింజలు అంటుకున్నాయి. ఒకామె వాటిని దులపబోయి, మగవాడి వీపు ముట్టుకోకూడదని చెయ్యి వెనక్కి తీసుకుంది. నేనే గోడకు రుద్ది రాల్చాను. రాలినవాటిని ఏరి కుప్పలో వేశారు.

పడుకుని ఆకాశం చూస్తున్నప్పుడు మద్దమ్మ గుర్తు రావాలి. ప్రయత్నం చేశాను. మోకాలితో నా వెన్ను అదిమిపెట్టి, కదలొద్దని కసురుతూ రుద్దేది. ఆ బరువు గుర్తొచ్చింది. ముఖం రాలేదు.

కుప్ప అంతా ఒక చుట్టు తిరిగాక లేచి చొక్కా వేసుకున్నాను. ఆడవాళ్ళు గింజలు పంచుకుని ఎవరి చేలకు వాళ్ళు పరిగెత్తారు. గొర్రులు అప్పటికే కట్టి ఉన్నాయి. నా వాటా అని ఒక గంప వదిలిపెట్టారు. తీసుకుపొమ్మన్నాను.

జీపులు వచ్చేసరికి వాకిలి ఊడ్చి ఉంది. డాక్టర్ ఇందుమతి నా వీపు చూసింది. చూడగానే తెలిసిపోయింది ఆమెకు. అయినా పళ్ళెం ఆనించింది. ఆర్డరు ప్రకారం నన్ను ల్యాబులో ఉంచారు. మళ్ళీ మళ్ళీ పళ్ళేలు ఆనించారు. గంజి గడ్డలు అద్దంలా ఉండిపోయాయి. చుక్క కూడా లేవలేదు.

"పోయిందండీ" అంది డాక్టరమ్మ. నిరంజన్ గదిలో లేడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "బాధగా ఉందా?"

"లేదు" అన్నాను. అది నిజం.

"మట్టిలో నిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఈ పంట వరకు వస్తుంది. ఆ తర్వాత చెప్పలేను."

"నేను అడగలేదు."

కంపెనీ నా మీద కేసు వేసింది. నడుస్తోంది. వాయిదాలకు పోతున్నాను. జడ్జి ముందు నిరంజన్ ఒక వీపు విలువ ఎంతో వివరంగా చెప్పాడు. ఊళ్ళోవాళ్ళు సాక్ష్యం చెప్తామని వచ్చారు. ఈసారి అందరూ లేచి నిలబడ్డారు. వెనక్కి పొమ్మన్నాను.

ల్యాబు నుంచి ఇంటికొచ్చిన రోజున సుంకులమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. కాళ్ళకు రేగడి అంటుకుని ఉంది. రొప్పుతోంది.

"మొలిసింది బావా. సందు ల్యాకుండా మొలిసింది. అందరి చేలూ. అక్క కలిపినట్లే ఉండాది. వచ్చి సూడు, ఒక్కసారి."

"సరే" అన్నాను.

నేను తలుపు వేసుకున్నాను. చేను చూడటానికి పోలేదు. ఆమెను క్షమించలేదు.

నీళ్ళు కాచుకున్నాను. వీపు మీద పుండ్లు ఆరి చెక్కులు కట్టాయి. ఆముదం తీసి చెయ్యి అందినంత వరకు పూసుకున్నాను, అందినంత వరకు రుద్దుకున్నాను. అందని చోటు అట్లాగే వదిలేశాను. అక్కడిప్పుడు ఎవరూ లేరు.